నేల ఒకడికి, గొర్రెలు ఒకడికి

"అవ్వా, ఇజ్రాయేలు సారు చెప్పిన కథ మీద నీకింకా కోపం పోలేదంట?"

ఎట్ల పోతుంది పాపా? కూర్చో, చెప్తాను. ఆ పీట మీద వద్దు. మీ తాత చేసింది, చేసిన రోజు నుంచీ ఊగుతానే ఉంది.

అప్పుడు బేరిగై ఊరి పక్కన గులాబీల తోట కొత్తగా పెట్టినారు. ప్లాస్టిక్ గుడారాలు, డ్రిప్ పైపులు. పూలు విమానమెక్కి పోతాయి, కోసినోళ్లం బస్సుకు నిలబడాల. నేను ఆడ పనికి పోతా ఉంటిని. పైపుల పని నేర్పేదానికి ఆ సారు వచ్చినాడు. యూదుల మనిషి. శనివారం వస్తే, పని చెయ్యొద్దని వాళ్ల దేవుడు చెప్పినాడంట, లైటు స్విచ్చి కూడా ముట్టడు. మా సూపర్‌వైజరు నరసప్ప ఏ రోజూ ఏ పనీ ముట్టడు, ఆయనకు ఏ దేవుడూ చెప్పలేదు. సారు మాటలు మాకు తెలుగులో చెప్పేది మాత్రం నరసప్పే.

మా ఇంట్లో అప్పుడే భాగాలైనాయి. మా బావ, అదే, మీ తాతకు అన్న, నేలంతా తీసుకున్నాడు. బోరు ఆ నేలలోనే ఉంది, నీళ్ల మాట ఎవురూ ఎత్తలేదు. మీ తాత గొర్రెలు తీసుకున్నాడు. ఇద్దరూ ఒప్పుకొనే. నెల తిరగలేదు, నా నేల మీద నీ గొర్రె కాలు పెట్టకూడదు అన్నాడు బావ. అట్లయితే నువ్వు కప్పుకున్న కంబళి నా గొర్రెల బొచ్చు, విప్పి పెట్టు అన్నాడు మీ తాత. మీసాలొచ్చి ఇరవై ఏండ్లయినోళ్ల మాటలు చూడు. సారు కథ చెప్పిన రోజు పొద్దున బావ నీళ్ల తొట్టి దారికి ముళ్లకంప వేసినాడు. మీ తాత కొమ్మలు కొట్టే గొడ్డలి తీసుకొని గొర్రెలు తోలుకొని పోయినాడు. ఇద్దరికీ బుద్ధి చెప్పే వాళ్లమ్మ, మా అత్త, పోయి ఏడాది. నేను పూలు కొయ్యను పోయినాను.

మధ్యాన్నం అన్నాలకాడ సారు కథ మొదలుపెట్టినాడు. లోకంలో మొదటి అన్నదమ్ములంట. పేర్లు నాకు నోరు తిరగవు. పెద్దోడిది సేద్యం, చిన్నోడివి గొర్రెలు. ఎందుకు కొట్లాడినారో వాళ్ల శాస్త్రంలో సరిగా లేదంట. దానికి వాళ్ల పెద్దలు అర్థం చెప్పినారంట. లోకమంతా పంచుకున్నారు, నేల ఒకడికి, కదిలేవన్నీ ఇంకొకడికి. నువ్వు నిలబడింది నా నేల, దిగు అన్నాడంట వాడు. నువ్వు కట్టింది నా గొర్రెల బొచ్చు, విప్పు అన్నాడంట వీడు.

నాకు ఒళ్లు మండింది. ఊళ్లో అందరిండ్ల సంగతులూ నేను చెప్తాను, ఒప్పుకుంటాను. మా ఇంటి సంగతి ఈ సీమదొర దాకా మోసింది ఎవురు? ముద్ద దించి నరసప్పను పట్టుకున్నాను. అమ్మతోడు అక్కా, ఇది వెయ్యేండ్ల ముందే వాళ్ల పుస్తకంలో ఉంది అన్నాడు. నరసప్ప ఒట్లు నేను నమ్మను. సారు మొహం చూసి నమ్మినాను.

తర్వాత ఏమైందో అడుగు అన్నాను.

"పెద్దోడు చిన్నోడ్ని చంపేసినాడంట," అన్నాడు నరసప్ప.

సారు ఇంకా చెప్తానే ఉండాడు. గుడి ఎవురి భాగంలో కట్టాలని కొట్లాట అన్నాడంట ఒక పెద్దాయన, కాదు, ఆడదాని కోసం అన్నాడంట ఇంకొకాయన. అన్ని మాటలూ పుస్తకంలో రాసి పెట్టుకున్నారంట.

"వాళ్లమ్మ ఆ పొద్దు యాడుండింది?" అన్నాను. ఇంతమంది పెద్దలు కూర్చొని, ఆ తల్లి అడ్డం పోయిందా లేదా అని ఒక్కరన్నా అడగలేదా?

తెలియదు, కనుక్కొని చెప్తాను అన్నాడు సారు. నేను ఎవురికీ చెప్పకుండా పని వదిలేసి పరిగెత్తినాను.

ఆడ బావ కంబళి కప్పుకొని తొట్టి పక్కన కూర్చోనుండాడు, ఒళ్లో గడ్డపార. కంపకు ఈ పక్క మీ తాత, గొడ్డలి. నడమ గొర్రెలు నోళ్లు తెరుచుకొని. మా ఇండ్లల్లో బావకు ఎదురు నిలిచి మాట్లాడకూడదు, కోడలిగా వచ్చిన పొద్దు నుంచీ ఆయనతో ఒక మాట అనలేదు నేను. కంప నా చేతుల్తోనే పెరికినాను. ఒక్కడూ లేవలేదు. పోయి తొట్టితో చెప్పినాను.

"తొట్టీ, నేల ఒకరికి పంచినారు, గొర్రెలు ఒకరికి పంచినారు. నీళ్లు ఎవురికి పంచినారు?"

గొర్రెలు పోయి మూతులు పెట్టేసినాయి. కొంచేపటికి బావ గడ్డపార దించి, లేచి పోయి మోటరు వేసినాడు. మీ తాత గొడ్డలి ఆడనే మరిచిపోయి వచ్చినాడు. నేనే పోయి తెచ్చినాను, అన్నీ నేనే.

మళ్లీ ఇద్దరూ మాట్లాడుకోలేదు, ఆ సంతోషం నాకియ్యలేదు. ఇద్దరూ ముసలితనంతోనే పోయినారు, అది చాలు.

ఆ సారు నెలకే వాళ్ల ఊరికి పోయినాడు. జవాబు రాలేదు. నువ్వు చదువుకున్నావు, యాడన్నా రాసుంటే చూసి చెప్పు. నీకూ బిడ్డలు పుట్టి, ఇల్లు నిండి, పంచే రోజు వస్తే, ఎవురో పిలిచేదాకా ఉండొద్దు తల్లీ. పోయి నడమ కూర్చో.