పరదా కట్టిన మేడగది

ఇల్లు ఖాళీ చేయించడమంటే చొక్కా గుండీ విప్పినంత తేలికనుకున్నాడు మా ఓనరు. టీ తాగుతూ వినండి, చల్లారిపోతుంది. నోటీసు లేదు, మాటవరసకి చెప్పిందీ లేదు, ఓ పొద్దున వచ్చి నా గది తలుపు ఊడదీసి భుజానేసుకుపోయాడు. తలుపు లేకపోతే టైలరు తనంతట తానే పోతాడని ఆయన ఆశ. పదహారేళ్ల గదండీ, నా మిషను చప్పుడు ఆ గోడలకి కంఠతా వచ్చు. వదులుతానా? మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి ఓ పరదా కుట్టి కట్టాను.

"పరదాయేగా," అన్నాడు పక్కనున్న మంగలి.

పరదాయే బావా, కానీ కుట్టు నాది. గాలి కూడా బయటే ఆగి, లోపలికి రావచ్చా అని అడిగేది. ఓనరు నలుగురు వస్తాదుల్ని తెచ్చి తోయించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పరదా వెనక్కి సాగి సాగి ఒక్క విదిలింపు విదిలిస్తే, నలుగురూ ఎగిరెళ్లి ఎదురు లాండ్రీ తీగ మీద పడ్డారు. ఆరేదాకా దిగలేదు.

"తడిసి ఎందుకున్నారు?" అన్నాడు టీకొట్టాయన.

చెమటకి. ఇక ఓనరు ఉక్రోషంతో మెట్లు పడగొట్టించాడు. నేను కాన్వాసుతో మెట్లు కుట్టుకున్నాను, ఎక్కాక మడిచి దిండు కింద పెట్టుకునేవాణ్ణి. కప్పు పీకించాడు. అదీ మన మంచికే, ఆకాశం అంచు పట్టుకు లాగి నాలుగు గోడలకీ హెమ్మింగ్ చేసేశాను. ఆ వారం మీ అందరికీ ఆకాశం జానెడు తగ్గింది, చూసుకోలేదేమో.

"అదా, చంకల్లో కాస్త బిగుతుగా ఉందనుకున్నా," అన్నాడు మంగలి.

చివరికి గోడలే పట్టుకుపోయాడు. ఉత్త కుట్టు మీద నిలబడింది గది. జడ్జిగారే స్వయంగా గుడ్డమెట్లెక్కొచ్చి, ఈయన్ని కదిపితే ఆకాశం చిరుగుతుంది, జోలికి పోవద్దని అక్కడే తీర్పు చెప్పి...

"తలుపు పీకడం తప్పని వకీలు చివాట్లు పెడితే, సాయంత్రానికి మా ఆయనే తెచ్చి బిగించారు కదా అన్నయ్యా."

ఓనరు భార్య. చేతిలో కూరల సంచీ. ఎప్పట్నుంచి వింటోందో.

"పద్ధతిగా కోర్టుకెళ్లి నిన్ను ఖాళీ చేయించమని కేసు వేద్దామంటే, కోటు లేనిదే జడ్జి ముందుకి పోనంటారు ఆయన. నీ కుట్టు తప్ప ఇంకొకరిది నచ్చదాయె. గుడ్డ నీకిచ్చి పదమూడు నెలలైంది. ఆ రెండో చెయ్యి ఎప్పుడు కుడతావు?"

బెంచీ అంతా నవ్వింది. నేను గ్లాసు కింద పెట్టి, వీధికి అవతల ఎండలో మెరుస్తున్న నా మేడగది తలుపు వంక ఓసారి కళ్లారా చూసుకున్నాను.

"రేపు ఇచ్చేస్తా చెల్లెమ్మా," అన్నాను.