రెండు గుండెకాయలు

హెనుతు అని ఒకావిడంట. ఐగుప్తు దేశంలో పెద్ద ఏటి ఒడ్డున ఉండేది. మహా అనుమానం మనిషిలే. పాలు తెస్తే వేలెట్టి చూస్తది, మొగుడు ఇంటికొస్తే వాసన చూస్తది. మొగుడు పెంతు పడవ నడిపేవోడు. అవతలి ఒడ్డున ఎవత్తినో చూసుకున్నాడని ఈవిడకి పదేళ్లుగా గుబులు. అడిగితే నవ్వేసేవోడంట. అలా నవ్వుతా నవ్వుతానే ఒకరోజు గుటుక్కుమన్నాడు. అక్కడోళ్లు మనలాగ కాల్చరు. డెబ్భై రోజులు పడద్ది పని. పొట్ట ఎడంపక్క కోసి, లోపలివన్నీ తీసి, ఒంటిని ఉప్పులో కప్పెట్టి, మనం చేపలు ఎండేసినట్టు ఎండేసి, ఆనక గుడ్డలు చుడతారంట. మెదడైతే పనికిమాలిందని పారేస్తారు. నవ్వమాకండి! గుండెకాయ మాత్రం లోపలే ఉండాలి. ఆలోచనా అదే, జ్ఞాపకమూ అదే అని వాళ్ల నమ్మకం. పైలోకంలో దాన్ని తక్కెడలో ఓ పక్కనేసి, రెండో పక్క ఈకేసి తూస్తారంట. చేసిన తప్పులతో గుండె బరువు తూగిందనుకో, మొసలి మూతి జంతువొకటి అక్కడే కాసుక్కూర్చుంటది, అమాంతం మింగేస్తది. ఇంక ఆ మనిషి ఎక్కడా లేనట్టే. రేపు పెళ్లాం చచ్చి వెనకాలే పోయినా కనపడడు. అదీ హెనుతు భయం.

అందుకని రోజూ ఆ ఎండేసే పాక కాడికి పోయేదంట, ముక్కుకి కొంగు అడ్డమెట్టుకుని. హోరి అని, ఆ పని చేసేవోడు. "ఏమయ్యా హోరీ, అది మా ఆయనేనా?" అంటది. మీ ఆయనేనమ్మా అంటాడు. "ఏదీ, ఎడంకాలి బొటనేలు వంకరుండాలి, చూపించు." చూపించేవోడు పాపం. ఇట్టా ఉండగా గుడ్డలు చుట్టే రోజొచ్చింది. ఏమైందంటే, ఈవిడ పోయి, గుండెకాయ లోపలుందా అనడిగింది. ఉందమ్మా అన్నాడు గానీ చేతిలో గుడ్డ జారిపోయింది. "ఉంటే నీ మొహం అట్టా పాలిపోయిందేమయ్యా?" అంది. అంతే, కాళ్ల మీద పడ్డాడంట. "తల్లీ, ఊపిరితిత్తులు లాగబోతే కత్తి జారి అదీ ఊడొచ్చేసింది. పక్కబల్ల మీద నేతపని ముసలమ్మదీ అంతే అయింది. ఎండాక కుట్టేద్దామని రెండూ ఒకే పళ్లెంలో ఉప్పేసి పెట్టా. ఇప్పుడు ఏది ఎవరిదో తెలవట్లేదు" అన్నాడు.

రెండూ రెండు చేతుల్లోకి తీసుకుంది హెనుతు. ఒకటి దూదిలాగుంది. ఇంకోటి బరువు, మంచి బరువు. ముసలమ్మేమో చీమకైనా కీడు తలపెట్టని మనిషంట. హోరిగాడు మెల్లగా అన్నాడు, "తేలిగ్గా ఉన్నది మీ ఆయనకి కుట్టేస్తానమ్మా, గట్టెక్కేస్తాడు. ముసలమ్మ తరఫున అడిగేవోళ్లు ఎవరూ లేరు." ఆశ పుట్టింది ఆవిడకి, పుట్టలేదంటే అబద్ధం. కానీ మళ్లా అనుమానం. సరే, గట్టెక్కుతాడు. రేపు నేను పోతే ఆ ముసలమ్మ గుండెతో నన్ను చూసి, ఎవరమ్మా నువ్వు అంటే? అట్టా అనుకునేసరికి బావురుమంది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, "బరువుదే పెట్టు" అంది. "మీ ఆయనదేనని ఎట్టా తెలుసమ్మా?" అన్నాడు హోరి. "పదేళ్లు నాకు చెప్పకుండా దాచినవన్నీ అందులో ఉండాలి కదయ్యా. తేలిగ్గా ఎట్టా ఉంటది?" అంది.

వాళ్లకి పేడపురుగు బొమ్మ చెక్కిన రాయొకటి ఉంటదంట. గుండె తన మనిషి మీదే సాక్ష్యం చెప్పకుండా రొమ్ము మీద పెడతారు. హెనుతు దాన్ని తనే పెట్టి, వంగి, "అక్కడ దేవుళ్ల ముందు నోరెత్తమాక. నేనొచ్చాక నాకు చెబుదువుగాని, అన్నీ" అందంట.

తక్కెడ ఎటు మొగ్గిందో చూసొచ్చి చెప్పినోడు లేడు మరి. ఈ కథ మా ఇంటిదాని ముందు చెప్పడం నాదే బుద్ధితక్కువ. అప్పట్నించీ నేను అన్నానికి కూర్చుంటే చాలు, నా రొమ్ము వంకే చూస్తా కూర్చుంటంది.