మూడు గుర్రాలు పట్టే సొరంగం

"జెన్కో గారూ, మీ నేలమాళిగకి రెండో దారి ఉందా, లేదా?"

టీచరమ్మ మిరోస్లావా అడిగింది ఇంతే. ఉందనో లేదనో ఒక్క ముక్క చెబితే కాగితం నింపుకుని వెళ్ళిపోయేది. కానీ కొసోబ్రిద్ ఊళ్ళో జెన్కోని ఒక్క ముక్కలో జవాబు చెప్పమనడమంటే ఊరి పక్కన పారే జ్బ్రూచ్ నదిని కాసేపు ఆగమనడమే.

సోమవారం పొద్దున్న గ్రంథాలయంలో అరడజను మంది కూర్చుని శత్రువు కంట పడకుండా కప్పుకోవడానికి సైన్యానికి పంపే మరుగు వల అల్లుతున్నారు. పాత దుప్పట్లని పేలికలుగా కత్తిరించి, ఆకుపచ్చ రంగులో ముంచి, వల కళ్ళకి ఒక్కొక్కటీ ముడి వెయ్యాలి. చేతులకి పని, నోటికి సెలవు కాబట్టి ఊరి కబుర్లన్నీ అక్కడే. జెన్కో రోజూ వస్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ అక్కడ లారీ తోలాడు.

"ఉందా అని అడుగుతారేంటి టీచరమ్మా!" అన్నాడు చేతిలో పేలిక ఒళ్ళో పడేసి. "పుట్టిన పిల్లకి కూడా తెలుసే!"

"పిల్లలకి తెలిస్తే చాలదు, జిల్లా ఇంజనీరుకి తెలియాలి. గురువారం వస్తున్నాడు."

సంగతి ఏమిటంటే, బళ్ళో ముప్పై ఒక్క మంది పిల్లలు. బాంబుల సైరన్ మోగితే దాక్కోవడానికి చోటు లేదని రెండేళ్ళుగా పాఠాలన్నీ ఫోన్లోనే. సెప్టెంబరు లోపు చోటు చూపించకపోతే పిల్లల్ని బస్సెక్కించి ఇరవై రెండు కిలోమీటర్ల అవతలి ఊరికి పంపి, ఈ బడికి తాళం వేసేస్తామన్నారు జిల్లా వాళ్ళు. బడి కట్టింది బండ మీద, కింద తవ్వడానికి లేదు. బడి పెరడు దిగితే జెన్కో ఇల్లు. ఆ ఇంటి కింద వాళ్ళ తాత కట్టిన రాతి నేలమాళిగ, ఏనుగు తొక్కినా చెక్కు చెదరని కప్పు. కానీ రూలు ప్రకారం రెండు దారులుండాలి. ఒకటి కూలితే రెండో దాంట్లోంచి రావాలి కదా.

"ఉంటే ఎక్కడ తేలుతుందో చెప్పండి, రాసుకుంటాను," అంది టీచరమ్మ.

"చెప్తాను. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదని మీ అందరికీ తెలుసు." మందుల షాపు ఒరిస్యా దగ్గింది. జెన్కో పట్టించుకోలేదు. "నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మా అమ్మ పొయ్యి మీద బంగాళాదుంపలు పడేసి, ఒరేయ్, కిందకెళ్ళి ఉప్పుదోసకాయల జాడీ పట్రా అంది. కొవ్వొత్తి పట్టుకుని దిగాను, చిట్టచివరి అర దాకా వెళ్ళాను, వెనకాలున్న జాడీ లాగాను, జాడీతో పాటు గోడలో రాయొకటి ఊడొచ్చి నా కాలి మీద పడింది. ఇంతవరకూ ఎవడికైనా జరిగేదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కంతలోంచి గాలి ఉఫ్‌మని వచ్చి కొవ్వొత్తి ఆరిపోయింది!"

టీచరమ్మ కలం తీసింది. "గాలి వచ్చిందంటే అవతల తెరుచుకుని ఉన్నట్టే. ఎంత దూరం వెళ్ళారు?"

"మొదట పాక్కుంటూ వెళ్ళాను. పదడుగులు వేశానో లేదో, నిటారుగా నిలబడ్డాను. ఇంకో పదడుగులకి చెయ్యి పైకెత్తినా కప్పు తగల్లేదు. సరిగ్గా మీ బడి కింద ఉన్నానన్నమాట, పైన పాత లెక్కల మేష్టారు పదమూడో ఎక్కం చెప్పిస్తున్నారు, నేను కింద కూర్చుని విని నేర్చుకున్నాను, ఇవాళ్టికీ మర్చిపోలేదు."

"పదమూడు ఎనిమిదులు?" అంది ఒరిస్యా.

"మధ్యలో అడ్డు రాకమ్మాయ్, దారి తప్పుతాను. అక్కణ్ణుంచి వెడల్పు ఎంతయ్యిందంటే, మూడు గుర్రాలు పక్కపక్కన కట్టిన బండి గోడకి రాసుకోకుండా వెళ్ళిపోతుంది. కింద చక్రాల గాడి కూడా ఉంది. ఎవరు తవ్వించారనుకున్నారు? టర్కీవాళ్ళు! మూడొందల యాభై ఏళ్ళ కిందట వాళ్ళు ఈ నేల ఏలిన పాతికేళ్ళూ పైన ఒక్క రాయి పేర్చలేదెందుకనుకున్నారు, పనంతా కిందే! ఓ మూల వాళ్ళ ఫిరంగి అలాగే ఉంది, పక్కన పొయ్యి, పొయ్యి మీద కాఫీ గిన్నె. వేలు పెట్టి చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది."

"మూడొందల యాభై ఏళ్ళు!" అంది ఒరిస్యా.

"టర్కీవాళ్ళ బొగ్గు అలాంటిది తల్లీ. ఇప్పుడు దొరకదు."

"తేలింది ఎక్కడ?" అంది టీచరమ్మ.

"నది ఒడ్డున, పాత పిండిమిల్లు వెనకాల."

ఆవిడ రాసుకుంది.

"తేలేవాణ్ణే," అన్నాడు జెన్కో, "కానీ తేలలేదు, సొరంగం ఇంకా ముందుకి పోతోంది కదా, మనిషన్నవాడు మధ్యలో ఎలా ఆగుతాడు? నది కిందకి దిగాను. కప్పంతా పలచటి సుద్దరాయి, దాని పైన జ్బ్రూచ్, చేపల పొట్టలు తెల్లగా కనిపిస్తున్నాయి. సరిగ్గా నది నడిమధ్యన, ఇద్దరు కావలివాళ్ళు. ఇవతల వియన్నా చక్రవర్తి మనిషి, అవతల జారు చక్రవర్తి మనిషి. ఒకప్పుడు మన నదే కదా రెండు రాజ్యాల హద్దు! రాజ్యాలు రెండూ పోయాయని ఎవరూ కిందకొచ్చి చెప్పలేదు పాపం, తుపాకులు పట్టుకుని అలాగే నిలబడున్నారు. పాస్‌పోర్టు అన్నారు. నా దగ్గరేముంది, దోసకాయల జాడీ తప్ప? తలా రెండు ఇచ్చాను. తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఒరేయ్ అబ్బాయ్, పైన ఇప్పుడెవరి రాజ్యం అని అడిగారు. నేను బయల్దేరినప్పుడు ఫలానా వాళ్ళది బాబూ, ఈ పాటికి ఎవరిదో చెప్పలేను అన్నాను."

నవ్వులు లేచాయి. టీచరమ్మ కూడా నవ్వింది, కానీ పిండిమిల్లు అన్న మాట కొట్టేసింది.

మూల కుర్చీలో తెక్లా మాత్రం నవ్వలేదు. ఎనభై అయిదేళ్ళ మనిషి. ముడులు వెయ్యడానికి వేళ్ళు వంగవని, కత్తెరతో దుప్పటి కత్తిరించే పని ఆవిడది. కత్తెర ఆగకుండా ఆడుతోంది.

"అవతల ఒడ్డుకి వెళ్ళేసరికి దారి నాలుగుగా చీలింది," జెన్కో లేచి నిలబడ్డాడు, కూర్చుంటే చేతులు చాలడం లేదు. "చీలిక దగ్గర ఎవరు? రాతిదేవుడు! మన నదిలోంచి తీసి పోలెండులో మ్యూజియంలో పెట్టుకున్నారే, నాలుగు మొహాలాయన, ఆయన తమ్ముడు. అన్నగారిని పట్టుకుపోతే ఈయన కిందే ఉండిపోయాడు. అయ్యా, ఎటు పోవాలి అన్నాను. నాలుగు నోళ్ళతో నాలుగు దిక్కులూ చెప్పాడు. అలాంటాయన్ని అడక్కూడదు, నాదే తప్పు."

"మరెటు వెళ్ళావు బాబాయ్?" అంది ఒరిస్యా.

"నేనెక్కడ వెళ్ళానే, గుర్రాలు వెళ్ళాయి! అక్కడే కట్టేసి ఉంది బండి, మూడు గుర్రాలు, మెరుస్తున్నాయి. ఎక్కి కూర్చున్నానో లేదో, కమ్యానెత్స్ కోట బావిలోంచి పైకి తేలాం, కోట కాపలావాడు టిక్కెట్టు అడిగాడు, మళ్ళీ కిందకి. అక్కణ్ణుంచి ఓదెస్సా, సముద్రం కింద ఉప్పు వాసన. అక్కణ్ణుంచి వెనక్కి తిప్పితే వియన్నా, ఓ పెద్ద హోటలు వంటింట్లో నేలపలక ఎత్తి తలపెట్టాను, వంటవాడు గరిటెతో కొట్టాడు, ఇదిగో మచ్చ!" జుట్టు పక్కకి తీసి చూపించాడు. "అది చక్కెర ఫ్యాక్టరీలో తగిలింది కదా," అంది ఒరిస్యా. "ఇది దాని పక్కది," అన్నాడు జెన్కో. "ఇంటికొచ్చేసరికి పొయ్యి మీద బంగాళాదుంపలు ఇంకా ఉడకలేదు. అమ్మ అడిగింది ఒక్కటే, జాడీలో నాలుగు తక్కువున్నాయేంట్రా అని."

"మరి ఇన్నేళ్ళలో ఇంకెవరికీ చూపించలేదేం?" అన్నారెవరో.

"రాయి మళ్ళీ పెట్టేశాను. గుర్రాలకి గాలి తగిలితే జలుబు చేస్తుంది."

టీచరమ్మ కాగితం మీద పిండిమిల్లు, కోట, వియన్నా, అన్నీ రాసినవీ కొట్టేసినవీ ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "జెన్కో గారూ, వియన్నా వద్దు. ఓదెస్సా వద్దు. ఆ రాయి వెనక దారి ఉందా? పదడుగులున్నా చాలు. ఉందని రాసి నేను సంతకం పెడతాను. ఉందని రాయనా?"

జెన్కో చుట్టూ చూశాడు. అందరి చేతులూ ఆగిపోయాయి. పిల్లలు ఆ వీధిలో నడిచి వెళ్ళే చప్పుడు విని రెండేళ్ళయింది.

"రాయండి," అన్నాడు. గొంతు మాత్రం అంతకుముందున్నది కాదు.

కత్తెర ఆగింది. "ఒరేయ్ జెన్కో," అంది తెక్లా, "ఆ గుర్రాలు ఏ రంగు?"

"తెల్లవి అత్తా."

"మధ్యదానికి ఒక చెవి నల్లగా ఉందా?"

జెన్కో నోరు తెరిచాడు. ఆ ముక్క ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు వాడు. "ఉంది. నీకెవరు చెప్పారు?"

"నీకు చెప్పిన మనిషే. మీ అమ్మ." తెక్లా కత్తెర ఒళ్ళో పెట్టుకుంది. "నాకు అయిదేళ్ళు. ఒక సైన్యం వెనక్కి పోతోంది, ఇంకోటి ముందుకొస్తోంది, మధ్యలో మనం. వీధిలో పిల్లలు ఏడుగురం మీ నేలమాళిగలో ఉన్నాం, మీ అమ్మ ఒక్కత్తే మాకు పెద్ద. తనకే పంతొమ్మిదేళ్ళు. పైన ఫిరంగి పేలినప్పుడల్లా మేం ఏడుపు. ఏడవకండి, దోసకాయల అర వెనకాల సొరంగముంది, మూడు తెల్లగుర్రాలు బండి కట్టుకుని నిలబడున్నాయి, మధ్యదానికి చెవి నల్లన, దానికి మనకంటే ముందే చప్పుడు వినిపిస్తుంది, మరీ ముంచుకొస్తే ఎక్కి పోదాం అంది. రెండు రోజులు గోడకి చెవి ఆనించి కూర్చున్నాను నేను. ఓసారి దాని గిట్టల చప్పుడు కూడా విన్నాను."

ఒరిస్యా కుర్చీ తెక్లా వైపు తిప్పుకుంది.

"మూడో రోజు మీ అమ్మ నీళ్ళకని పైకి వెళ్ళింది. నేను జాడీలు ఒక్కొక్కటే దింపాను. వెనకాల గోడ. రాళ్ళన్నీ తట్టి చూశాను. కొవ్వొత్తి పెట్టి చూశాను, మేకు దిగ్గొట్టినట్టు నిలబడింది మంట, ఇసుమంత గాలి లేదు. జాడీలన్నీ మళ్ళీ సర్దేశాను. మిగతా ఆరుగురికీ చెప్పలేదు. ఎనభై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఊరంతా కోతలు కోసుకుంటూ తిరిగావు, కోసుకోనీ, మీ అమ్మ మాట బతికుందిలే అనుకున్నాను. ఇవాళ టీచరమ్మ సంతకం పెట్టబోతోంది కాబట్టి చెప్తున్నాను. ఆ పిల్లలు నాలాగా ఆ జాడీలు దింపి చూసుకోకూడదు."

జెన్కో కూర్చున్నాడు. ఒళ్ళో పేలిక తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"నేనూ దింపాను," అన్నాడు చివరికి. "పద్నాలుగేళ్ళప్పుడు. రాయి ఊడలేదు. గునపం పెట్టినా ఊడలేదు."

టీచరమ్మ కాగితం వంక చూస్తూనే అడిగింది. "ఆ గోడ అవతల ఏముంది?"

"మట్టి."

"ఎంత మట్టి?"

"మీ బడి పెరట్లో ఆపిల్ చెట్ల వాలు ఉందిగా. గోడ నుంచి ఏటవాలుగా పైకి పొడిస్తే ఆ వాలు మీద తేలతాం, అయిదడుగులు, మహా అయితే ఆరు."

"గట్టి నేలా?"

"సుద్దరాయి కలిసిన మట్టి. తవ్వితే వస్తుంది. కప్పుకి దూలాలు కావాలి. ఫ్యాక్టరీ షెడ్డువి ఉన్నాయి నా దగ్గర." లారీ డ్రైవరు మాట్లాడుతున్నాడిప్పుడు, గొంతులో గుర్రాలు లేవు.

టీచరమ్మ 'రెండో దారి' అన్న చోట కొట్టివేతల పక్కన మిగిలిన కాస్త ఖాళీలో రాసింది: 'తవ్వుతున్నాం.'

"ఎప్పట్నుంచి?" అన్నాడు జెన్కో.

"మీరు లేచిన దగ్గర్నుంచి. గురువారానికి వెలుతురు కనిపించాలి."

జెన్కో లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు, ఆగకుండా ఎలా ఉంటాడు. "వెడల్పు ఎంత పెట్టమంటారు టీచరమ్మా? మనం అనుకున్నట్టు మూడు..."

"రెండో తరగతి పిల్లలు ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకుని పట్టేంత."

తలూపి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే ఇంటి వైపే నడుస్తున్నాడు, గబగబా.

ఒరిస్యా వలని వెలుతురుకి ఎత్తి పట్టింది. పొద్దుట్నుంచి జెన్కో కూర్చున్న వైపు మూడు ముడులున్నాయి, మిగతాదంతా బోసి.

"మూడు గుర్రాల బండి దూరిపోతుంది ఇందులోంచి!" అంది.

తెక్లా కుర్చీ ముందుకి జరుపుకుని, ఆ ఖాళీ అంచు తన వైపు లాక్కుంది. వంగని వేళ్ళతోనే మొదటి ముడి వెయ్యడం మొదలుపెట్టింది.