దేవతకిచ్చిన ఇనప కడియం

ఒట్టు, ఇందులో ఒక్క మాట అబద్ధమైతే నాకు మిగిలిన ఈ రెండు పళ్ళూ ఇప్పుడే రాలిపోవాలి! ఏమే మ సాన్, ఆ పాత స్టేషన్ అరుగు మీదా మిరపకాయలు ఆరబోశావ్? సర్లే, కూర్చో. అక్కడ ఊ థౌంగ్ న్యున్ అని స్టేషన్ మాస్టరుండేవాడు. ఎంత పిరికివాడనుకున్నావ్? కోడిపుంజు ఎదురైతే తనే పక్కకి తప్పుకునేవాడు! ఒకటే లైను కదా, దారి ఖాళీ అని ఆయనిచ్చే ఇనప కడియం అందుకుంటే తప్ప డ్రైవరు బండి కదపకూడదు. ఎద్దుబండి చక్రమంత ఉండేది. నవ్వకు, సరే, పళ్ళెమంత. ఇంతలో పైనుంచి కాయితం వచ్చింది, రేపటి బండే ఆఖరు, స్టేషన్ మూత అని. మన ఉల్లిపాయలన్నీ ఆ బండిలోనేగా పోయేది! ఊరంతా శవం లేచిన ఇల్లయిపోయింది. తెల్లారి చూద్దుము కదా, ఈ పిరికివాడు కడియాన్ని తీసుకెళ్ళి ప్లాట్‌ఫారం చివర నాట్ దేవత గూట్లో, అరటిపళ్ళ పక్కన పెట్టి మొక్కేశాడు! దేవతకిచ్చింది వెనక్కి తీస్తే వంశం నిలుస్తుందా? డ్రైవరు గావుకేకలు పెట్టాడు, "కడియం ఇవ్వవయ్యా మగడా!" అని. ఈయనేమో గొణుగుతూ, "నాది కాదు బాబూ, ఆ తల్లిది. ఆవిణ్ణే అడుక్కో." డ్రైవరు గూటిదాకా వెళ్ళాడు, దణ్ణం పెట్టుకుని తిరిగొచ్చాడు. వాడూ మనలాగే ఆ తల్లికి భయపడేవాడేగా! స్టేషన్ ఉంచుతామని పైవాళ్ళు చెప్పేదాకా బండి కదలదన్నమాట. మేం ఎగిరి గంతులేశాం. నేనైతే బండిలో వాళ్ళకి వెయ్యి గిన్నెల మోహింగా, వేడివేడి చేపల పులుసూ సేమియానూ, పోశాను. మధ్యాహ్నమయింది. మూడో పెట్టెలోంచి ఒక కేక, అబ్బ, ఇప్పటికీ చెవుల్లో ఉంది. నిండు చూలాలు. మంత్రసాని చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది, పట్నం ఆసుపత్రికి చేరకపోతే ఇద్దరూ దక్కరు" అంది. అందరం ఆయన వంకే చూశాం. ఆయన గూటి ముందు మోకాళ్ళ మీద పడి, "కోపమంతా నా ఒక్కడి మీదే చూపించు తల్లీ" అన్నాడు. చెయ్యి లోపల పెట్టాడే! నా గుండె ఆగిపోయింది, నిజంగా ఆగింది. ఆయనే పరుగెత్తి కడియం డ్రైవరు చేతిలో పెట్టాడు. బండి వెళ్ళిపోయింది. ఆయనకా? ఏమీ కాలేదే. ఇరవై ఏళ్ళు బతికాడు, రోజూ ఆ అరుగు మీదే కూర్చుని. బిడ్డ బతికిందా అని అడుగుతావేం? ఎవరొచ్చి చెబుతారే, మళ్ళీ బండొస్తేగా... ఊఁ. లే, లేచి వెళ్ళి ఆ మేకని నీడకి కట్టు, ఎండకి అరుస్తోంది.