రోనాల్డు రింగు, కమిటీ సిమెంటు

కూసో కాలేబూ, కూసో. గా కుర్చీల కాదు, దాని కాలు ఊగుతది. ఇగో, చాయ్ తాగు. ఏందీ, రేపు చర్చి కాంపౌండ్‌ల సిమెంట్ పోస్తున్నరా? యేసయ్య రెండో రాకడన్న ముందొస్తది గని మన కమిటీ సిమెంట్ రాదనుకున్న! బాస్కెట్‌బాల్ రింగు పైకి లేపాల్నా వద్దా అని అడగనీకొచ్చినవ్. మా తమ్ముడు రోనాల్డు పెట్టిన రింగాయె, నన్నే అడగాలె మరి. నువ్వు పుట్టకముందే పోయిండు వాడు. మల్కాజ్‌గిరిల వాడు నడుస్తుంటే కరెంటు తీగలు పక్కకు జరిగి సలాం కొట్టేటివి. నవ్వకు! వాడి బూటుల మా పిల్లి ఈనింది, పిల్లలు పోను ఇంకా జాగ మిగిలింది. బాస్కెట్‌బాల్ ఆడుతడనే రైల్వేల కొలువిచ్చిర్రు. కలకత్తల ఎగిరి బాల్ ఏసిండంటే, కిందికి దిగేలోపల జనం చాయ్ తాగొచ్చేటోళ్లు.

మొదటి జీతం దేవునికియ్యాలె కద, ప్రథమ ఫలం. అందరు కవర్ల పెట్టిస్తరు. మా వోడు ఇనుప స్తంభం, బోర్డు, రింగు మోసుకొచ్చిండు. అప్పటి పాస్టరు అయ్యగారు కళ్లజోడు తుడుచుకొని, "గంట తెస్తవనుకుంటే గిదేందయ్యా రోనాల్డూ?" అన్నడు. "గంట కొడితే పెద్దోళ్లొస్తరు అయ్యగారూ, దీనికి పిల్లలొస్తరు" అన్నడు వీడు. కమిటీ సెక్రటరీ ఆర్థర్ గారు లేచి, "మొరం, సిమెంట్ కలిపి జానెడు మందం నేల మేం పోస్తం" అని ప్రార్థన చేసి మరీ మాటిచ్చిండు. మా పిచ్చోడు నమ్మి, నేల లేసినంక సరిపోవాలని రింగును జానెడు పైకే బిగించిండు. వాళ్లేమో ఆ పైసలతోని క్రిస్మస్‌కు మైక్ సెట్ కొన్నరు! వచ్చే కోతపండుగకు పోస్తం, వచ్చే కోతపండుగకు పోస్తం అనుకుంటనే ఆర్థర్ గారు పరలోకం పోయిండు. మైక్ సెట్ సుత పోయింది.

మోకాళ్లరిగి ఆట బంద్ పెట్టినంక మా వోడు పొద్దంత టికెట్ కౌంటర్ల, పొద్దుగూకితే పిల్లలతోని. ఆ ఎత్తుకు ఏసి ఏసి మన పిల్లలు ఏ.ఎస్. రావు నగర్ పోతే, అక్కడి రింగు బట్టలు నానబెట్టే టబ్బు లెక్క కనబడ్డది. మొదటి మ్యాచ్‌ల ఏసిన ప్రతి బాలు బోర్డు దాటి నాలాల పడె. ఓడిపోయి ఏడ్చిర్రు. అలవాటైనంక చూడాలె, అవతలోళ్లు ఆడకుండనే చేతులు కలిపి ఇంటికి పోయేటోళ్లు. మీ అమ్మ బ్యూలా గా బ్యాచే. ఆమె కొలువు ఎట్లొచ్చిందనుకున్నవ్ మరి?

"రింగు కిందికి దించరాదురా" అన్న ఒకనాడు, వాడి మోకాళ్లకు నూనె రాసుకుంట. "దించితే కమిటీ సిమెంట్ ముచ్చటే మర్సిపోతదక్కా" అన్నడు. ఆస్పత్రిల, ఆఖరికి సుత, "సిమెంటొచ్చిందా అక్కా?" అనే అడిగిండు. "లారీ గేటు కాడున్నదిరా" అన్న. నేనెప్పుడన్న అబద్ధమాడుతనా?

పిల్లలు అలవాటైన ఎత్తే కావాలంటున్నరా? వద్దు, లేపకు. వాడు కొలిచి పెట్టింది గీ సిమెంట్ కోసమే. జెర పరేషాన్ అయితరు, మళ్లీ అలవాటైతది. ఇగో, గా మంచం కింది అట్టపెట్టె గుంజు. మూత తియ్యి. చూసినవా బూటు? పిల్లి ముచ్చట నమ్మకపోతివి, వెంట్రుకలు చూడు లోపట. రేపు సిమెంట్ పచ్చిగున్నప్పుడే రింగు కింద అచ్చు పడేటట్టు దీన్ని ఒత్తాలె. ఒక్కటే చాలు, రెండు ఒత్తితే పిల్లలకు ఆడనీకి జాగుండదు...

...ఏందీ, గట్ల చూస్తవ్? చాయ్‌ల షక్కర్ సరిపోయిందా?