ఎర్ర రిబ్బను పిల్ల

దక్షిణ ఆక్లండ్‌లో చిన్న రికార్డింగ్ గది. మైకు ముందు అక్క సెఫీనా, పిల్లల కార్టూన్ బొమ్మలు గీసే తెర ముందు చెల్లెలు లూపే.

"ఇంకోసారి, అక్కా. అత్త వాకిట్లో నిలబడి పిల్లల్ని పిలుస్తోంది. పేర్లన్నీ తారుమారు."

"పొద్దున్నుంచి అరుస్తూనే ఉన్నా లూపే. గొంతు పోయింది. కాస్త కోకో అయినా పొయ్యవే."

"ఇదొక్కటీ అయిపోనీ. చూసే పిల్లలు పడీ పడీ నవ్వేది ఈ ముక్కకే. అచ్చం మన తౌసీ అత్తే!"

"నన్ను పదేళ్లు పెంచింది, ఆ గొంతు నాకు అంటుకోదూ? ఏంటి, ఇందాకట్నుంచి నసుగుతున్నావ్?"

"ఏం లేదు."

"లూపే."

"ఛానల్ వాళ్లు... మన ఇంట్లోలా పదకొండు మంది పిల్లలంటే మరీ ఎక్కువట. గీయలేక మేమూ చస్తున్నాంలే. ముగ్గుర్ని తీసేశా. సాయంత్రంలోగా ఇంకొకర్ని తీయాలి."

"ఎవర్ని?"

"అదే... చూస్తున్నా..."

"ఎర్ర రిబ్బను పిల్లనా?"

"అది ఇద్దర్ని అమ్మా అంటుంది, పిల్లలకి అర్థం కావట్లేదట. మా సమోవాలో పిల్లల్ని పెంపకానికివ్వడం మామూలేనని చెప్పీ చెప్పీ అలిసిపోయా."

"అంటే నన్నే. బాగుంది. ఇంట్లోంచి ఓసారి, బొమ్మల్లోంచి ఓసారి."

"అలా అనకక్కా."

"తీసెయ్. పోట్లాడే ఓపిక లేదు నాకు. దానికి ఎర్ర రిబ్బను ఎందుకు పెట్టావ్?"

"అత్తతో పడవెక్కిన రోజు నువ్వు కట్టుకున్నావు గదా. నాకప్పుడు ఐదేళ్లు. అదొక్కటే గుర్తు."

"అది నీ రిబ్బను."

"నాదా?"

"అమ్మ ఒకే తానులోంచి అందరికీ గౌన్లు కుట్టేది. అత్తకి మనలో ఎవరు ఎవరో తెలిసి చస్తేగా! ఎర్ర రిబ్బను పిల్లని తీసుకెళ్లమని అమ్మ ముందే చెప్పింది. నువ్వేమో మంచం కింద దూరి ఒకటే ఏడుపు."

"అక్కా... ఆగు..."

"నీ జుట్టులోంచి లాగి నేను కట్టుకున్నా. అమ్మ చూసింది, నోరు మెదపలేదు. ఏడాది పాటు అత్త నన్ను లూపే అనే పిలిచింది, నేనూ పలికాను. సరే, మైకు పెట్టు. ఇప్పుడు చెప్పు, ఎవర్ని తీసేస్తున్నావ్?"