ఇంటూ అంటే అవును

ఇంటూ కొడితే కాదని కదండీ! మీరే చెప్పండి. మనకి బుద్ధి తెలిసిన కాణ్ణుంచీ ఇంటూ అంటే ఏటి? తప్పు. వద్దు. కాదు. ఇన్నేళ్ళుగా గోల్‌మురి స్కూల్లో లెక్కల పేపర్లు దిద్దుతన్నాను. ఎర్ర సిరాతో ఇంటూ కొడితే, "టీచర్, అంటే నా లెక్క రైటేనా?" అని ఒక్క పిల్లాడైనా అడిగాడా?

అలా గోడకేసి తిరిగి కూచోకండి. నేను గోడతో మాటాడటం లేదు.

సరే, లాప్‌టాప్ ముట్టుకున్నాను. మీరు స్నానానికెళ్ళినప్పుడు ముట్టుకున్నాను. మీ రైలాట పోయింది. మీరు నడిపిన లైన్లు, తెరుచుకున్న స్టేషన్లు, అన్నీ పోయాయి. మనమ్మాయి యోగితకి ఫోన్ చేసి అడిగాను, ఇంకో కాపీ ఏదీ లేదంది. ఇదీ జరిగింది. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

తువ్వాలు తీసి ఆరెయ్యండి ముందు. తడి భుజాలతో ఎంతసేపలా?

కిషోర్ బండేసుకుని బయల్దేరాడట. పర్సుడీహ్ బజార్లో ట్రాఫిక్ లేకపోతే ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేత్తాడు. ఇవాళ మీరు ఇంజనెక్కాలి. లోకో ఇన్‌స్పెక్టరు మీ వెనకాలే నిలబడతాడు. ప్రతి సిగ్నల్‌కీ మీరూ, మీ అసిస్టెంటు కిషోరూ ఒకరి తరవాత ఒకరు గట్టిగా పిలవాలి, ఆయన వినాలి. సిగ్నల్ పిలవలేని డ్రైవరుకి బండి ఎవరిత్తారు? ఇవాళ మీ గొంతు పెగలకపోతే రేపట్నుంచి ఆఫీసులో ఓ మూల బల్ల వేసి కూచోబెడతారు. ఫైళ్ళకి దారాలు కట్టుకుంటా ఉండాలి. ఇది మీరు నాకు చెప్పలేదు, కిషోర్ చెప్పాడు. మీరు నాకేటి చెప్పారు కనక?

చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను. చూశారా? చూళ్ళేదు.

పోనీ, కావాలని చేశానని మీ మనసులో ఉంటే అది నోటితో అనండి. అనరు. అయితే నేనే మొదట్నుంచీ చెప్తాను, వినండి.

యోగిత ఇది తెచ్చి పెట్టిన రోజు గుర్తుందా? మనం ముగ్గురం ఈ మంచం మీదే కూచున్నాం. "పాపా కో కుఛ్ తో చాహియే" అంది, నాన్నకి ఏదో ఒకటుండాలని. నేను తెలుగులో అడిగితే ఆ పిల్ల హిందీలోనే చెప్తాది, అదొక్కటీ మారదు. ఎమ్యులేటరంట. పూర్వం జపాను వాళ్ళ ఆటల డబ్బా ఒకటుండేదట. ఇప్పుడది ఎక్కడా దొరకదు కాబట్టి ఈ లాప్‌టాపే ఆ డబ్బాలాగ వేషం వేత్తాదట. వేషం కుదరాలంటే, "నువ్వు జపాన్లో ఉన్నావు" అని దాన్ని నమ్మించాలట. రీజియన్ అన్న చోట జపాన్, భాష అన్న చోట జపనీస్. టాటానగర్ స్టేషన్ పక్కన పరుపు మీద కూచుని జపాన్లో ఉన్నానంటే అది నమ్మేసింది కూడా.

సున్నా, ఇంటూ గుర్తులున్న ఆ మీటల డబ్బా మీ చేతికిచ్చి, "పాపా, సున్నా నొక్కితే హాఁ, ఇంటూ నొక్కితే నహీఁ" అంది. నేనన్నాను, మా స్కూల్లో సున్నా వత్తే అమ్మానాన్నల్ని పిలిపిత్తాం, ఈ జపానోళ్ళు దాన్ని అవునంటన్నారేటి అని. అప్పుడు మీరు నవ్వారు. పెదవి ఓ పక్కకి లేచింది, అంతే. నేను చూశాను. ఆ సైకిలాయన మీ గూడ్సు బండి కింద పడిన తరవాత అదే మొదటిసారి చూడటం.

అదిగో. ఆ మాటెత్తితే చాలు, మెడ బిగించేత్తారు.

ఎత్తుతాను. ఎవరో ఒకరు ఎత్తాలి ఈ ఇంట్లో. ఆయన సైకిల్ భుజానేసుకుని పట్టాలు దాటబోయాడు. మీరు హారన్ కొట్టారు. బ్రేకేశారు. నిండు గూడ్సు బండి ఆగడానికి ఎంత దూరం కావాలో మీకు తెలుసు, పాపం ఆయనకి తెలీదు. మీ తప్పు లేదని ఎంక్వయిరీలో రాశారు. డ్యూటీకి ఫిట్ అని డాక్టరు రాశాడు. అందరూ అన్నీ రాసేశారు. మీరు మాత్రం, "అన్నం చాలు", "ఫ్యాను ఆపు". ఈ రెండు మాటలతో నేను కాపురం చేత్తన్నాను.

నాతోనే కాదులెండి. ఊర్నుంచి మీ అన్నయ్య ఫోన్ చేత్తే చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఆయనేమో లైన్ కట్టయిందనుకుని "హలో, హలో, ధర్మరాజూ" అని అరుత్తాడు. నాకెంత సిగ్గేసిందో తెలుసా?

అలాంటిది ఓ సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు వేయిత్తంటే వినపడింది. "హోమ్ గ్రీన్!"

ఎవరో వచ్చారనుకున్నాను. మీ గొంతని పోల్చుకోలేదు. స్టౌ కట్టేసి వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాను. మీరు చెయ్యి చాపి వేలు చూపించి మళ్ళీ సిగ్నల్ పిలిచారు, "స్టార్టర్ గ్రీన్!" అని. తెర మీద రైలు జపానుది. ఇళ్ళు జపానువి. మీ నోట్లోంచి వచ్చేదంతా టాటానగర్. ఉల్లిపాయలు మూకుట్లో మాడిపోయాయి. ఆ రోజు కూర చేదుగా ఉందని మీకు తెలిసిందా? తెలీదు. తినేశారు.

ఆ ఆటలో పట్టాల మీదికి మనిషి రాడండి. మేక రాదు, కుక్క రాదు. చాలా సాయంత్రాలు గుమ్మం పక్కన నిలబడ్డాను కాబట్టి చెప్తన్నాను. అయినా మీరు మలుపొచ్చినప్పుడల్లా హారన్ కొట్టారు. ఖాళీ పట్టాల మీద. నేను చూశాను.

చూసి ఏం చేశావంటారా? ఏం చెయ్యను? వెళ్ళి కూర కలిపాను.

ఇందాక మీరు స్నానానికెళ్ళారు. తెర మీద ఆ రాతలు. అక్షరాలా అవి? ఎండ్రకాయలు పాకినట్టున్నాయి. మీకూ ఒక్క ముక్క అర్థం కాదు కదా. ఇంగ్లీషులోకి మారిత్తే నిదానంగా చదువుకుంటారు కదా అనిపించింది. నిజంగానే అనిపించింది, అలా చూడకండి. యోగిత వెళ్తా వెళ్తా చెప్పింది, "మమ్మీ, రీజియన్ మత్ ఛేడ్‌నా" అని. మార్చొద్దంది. ఇంత చదువుకుని ఓ సెట్టింగు మార్చలేనా అనుకున్నాను. స్కూల్లో కంప్యూటరు ఆగిపోతే నన్నే పిలుత్తారు.

రీజియన్ తెరిచాను. జపాన్, అమెరికా, యూరప్. ఇండియా లేదు. భాషలు తెరిచాను. తెలుగు సరే, హిందీ కూడా లేదు. మనకిదేం కొత్త కాదులెండి. ఇక్కడ మనం మద్రాసీలం, ఊరెళ్తే హిందీవాళ్ళం. ఏ లిస్టులో చూసినా మన పేరు పక్క పేజీలో ఉంటాది. అమెరికా అని పెట్టాను. భాష ఇంగ్లీషు. అది ఆగిపోయి మళ్ళీ మొదలైంది.

ఆట రాలేదు. అమెరికాలో ఈ ఆట నడవదని చెప్పి, దాని లోపలి పెట్టె తెరిచింది. మీ ఆటంతా దాచుకునే పెట్టె. ఇంగ్లీషులోనే ఉంది. మధ్యలో చిన్న రైలు బొమ్మ. బాబోయ్, ఇక్కణ్ణుంచి బయటపడాలి అనుకుని ఇంటూ నొక్కాను. ఇంటూ అంటే కాదు కదా, వెనక్కి వత్తాది కదా?

ముందుకెళ్ళింది.

రైలు బొమ్మ పెద్దదైంది. పక్కన రెండు మాటలు. మళ్ళీ ఇంటూ నొక్కాను, ఇంకా లోపలికెళ్ళింది. వెనక్కి రాబోతన్న కొద్దీ ముందుకి తోసుకుపోతన్నాది. తరవాత యోగిత చెప్పింది. జపాన్లో సున్నా అంటే అవును, ఇంటూ అంటే కాదు. అమెరికా పెడితే తలకిందులట. అక్కడ ఇంటూ అంటే అవును! ఏ దేశంలో ఉన్నావని చెప్తే ఆ దేశపు అవునూ కాదూ వచ్చేత్తాయట. ఎవడికి తెలుసండీ ఇది? లెక్కలు చెప్పుకునేదానికి ఇంటూ అవునని ఎలా తోత్తాది?

కాబట్టి పొరపాటు. ఎవరైనా చేసే పొరపాటు. ఏటంటారు?

మీరు లోపల్నుంచి వచ్చి తెర చూశారు. ఖాళీగా ఉంది. నా వేపు చూశారు. నేను "ఇంటూ నొక్కానండీ" అన్నాను. మీరొచ్చి కూచుని గోడకేసి తిరిగారు. అంతే. లాప్‌టాప్ విసిరికొడతారేమో అనుకున్నాను. అదీ లేదు.

బండి చప్పుడు. కిషోరేనా? కాదు, పాలవాడు.

సరే, వినండి. కిషోర్ వచ్చేలోగా చెప్పేత్తాను. తరవాత చెప్పే ధైర్యం నాకుండదు. నాకు ధైర్యం లేదని మీరెప్పుడూ అనుకోలేదు కదూ? ఇప్పుడనుకోండి.

ఆఖర్న అది ఆగి ఒక మాట అడిగింది. ఇంగ్లీషులో. దీన్ని చెరిపేత్తే మళ్ళీ రాదు, చెరపమంటావా అని. కింద రాసి కూడా ఉంది, అవునంటే ఇంటూ నొక్కు, వద్దంటే సున్నా నొక్కు అని. అక్షరాలు ఎండ్రకాయల్లా లేవు. నాకు ఇంగ్లీషు రాదేటండీ? బీయెస్సీ చదివాను. పరీక్ష పేపర్లు ఇంగ్లీషులో సెట్ చేత్తాను. నా వేలు మీట మీద ఉంది. బాత్రూంలో మీరు చెంబుతో నీళ్ళు పోసుకుంటన్న చప్పుడు వినపడతానే ఉంది. చదివాను. మొదట్నుంచీ మళ్ళీ చదివాను.

చదివి ఇంటూ నొక్కాను.

అవును. యోగితకి కూడా పొరపాటనే చెప్పాను. ఆ పిల్ల నమ్మింది. మీకూ అదే చెప్పేసి ఊరుకోవచ్చు. ఇంతసేపూ అదే చెప్పాను కదా.

మీరు డ్యూటీకెళ్ళాలని చేశాననుకుంటారేమో. ఆట ఉంటే ఇవాళా దాని ముందే కూచుండిపోతారని, కిషోర్ వచ్చి ఊరికే వెనక్కెళ్తాడని. అలా అనుకుంటే బాగుంటాది, నాకూ గౌరవంగా ఉంటాది. అది కాదు. ఆ సమయానికి డ్యూటీ నా బుర్రలోనే లేదు. నిజానికి ఆ ఆటొక్కటే మీ గొంతు లేచే చోటు. ఇవాళ ఇన్‌స్పెక్టరు ముందు ఆ గొంతే కావాలి. దాన్నే చెరిపేశాను చూడండి. తెలివున్న మనిషి చేసే పనేనా?

మీరు ఆ రైలుతో మాటాడతారు. సిగ్నల్‌తో మాటాడతారు. నేను గుమ్మం పక్కన గరిటె పట్టుకుని దొంగలాగ నిలబడి నా మొగుడి గొంతు వినాలి.

తిడతారని నొక్కానండి.

అంతే. ఇంకేం లేదు. పెళ్ళైన కొత్తలో చారులో ఉప్పెక్కువైతే ఈ వీధి వీధంతా వినపడేలాగ అరిచేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇలాంటి మనిషితో ఎలా వేగడం అని ఏడిచేదాన్ని. అలాంటి మనిషి ప్రాణంలా చూసుకుంటన్నదాన్ని పాడుచేత్తే ఊరుకుంటాడా? ఒక్క అరుపైనా అరవడా? బూతులైనా పరవాలేదనుకున్నాను. పక్కింట్లో వాళ్ళు విన్నా పరవాలేదనుకున్నాను.

తిట్టలేదు. గోడకేసి తిరిగారు. నా ఖర్మ! నాకు ఆ పాటి విలువ కూడా లేదు, ఆ బొమ్మ రైలుకీ లేదు.

ఇదిగో హారన్. ఈసారి కిషోరే. "ఆఁ, వత్తన్నారు బాబూ, ఒక్క నిమిషం!"

లేవండి. లేవరా? పోనీ, లేవకండి. "ఒంట్లో బాగోలేదు" అని నేనే వెళ్ళి చెప్పేత్తాను. ఆఫీసులో ఫైళ్ళకి దారాలు కట్టే ఉద్యోగానికేం, అన్నం పెడతాది. నా జీతం ఎలాగూ ఉంది...

ఏటి?

ఏటన్నారు? మళ్ళీ అనండి.

నాకు వినపడలేదు, ఇటు తిరిగి అనండి. "నీకేం తెలుసు" అన్నారు కదూ? నిజమే, నాకేటీ తెలీదు. నేనెప్పుడూ ఇంజన్లో కూచోలేదు. ఆ సైకిలాయన మొహం నేను చూళ్ళేదు. ఏం చూశారో చెప్పకపోతే నాకెలా తెలుత్తాది? సిగ్గు లేనిదాన్నా? లేదు, సిగ్గు లేదు. ఊఁ, ఇంకా?

ఇంకా గట్టిగా. ఆ పాటి గొంతు ఈ గదికి సరిపోతాది. ఇంజను మోతలో ఇన్‌స్పెక్టరుకి వినపడదు.

చొక్కా తొడుక్కుంటా అలా కాలరు లాక్కోకండి, ఇస్త్రీ నలుగుతాది. తిట్టుకుంటానే బొత్తాలు పెట్టుకోండి. మిగిలింది సాయంత్రం వచ్చాక తిడుదురు గాని, నేనెక్కడికీ పోను.